ముసలమ్మకు మొదటి ముద్ద

"ఫ్యాన్ తిరుగుతోందా?" తలుపు వెనకనుంచి ఒక గొంతు అడిగింది.

"తిరుగుతోంది. గాలే రావట్లేదు," అన్నాడు పాతకాపు.

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. ఆ కోడ్ పెట్టి పదకొండేళ్లయింది. మార్చమని నాలుగుసార్లు నోట్ రాసి, ఐదోసారి ఓపిక లేక ఊరుకున్నాడు. బయట బోర్డు మీద "ఫ్యాన్లు, మోటార్లు రిపేరు చేయబడును" అని ఉంటుంది. లోపల ఉన్నది గూఢచారి విభాగం. అయినవాళ్లందరి దృష్టిలో పాతకాపు ముప్పై ఏళ్లుగా ఫ్యాన్ల మెకానిక్కే.

రెండంతస్తులు ఎక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి. రిటైర్మెంటుకు ఇంకా ఇరవై మూడు రోజులు. ఇప్పుడు కావలసిందల్లా ఎవరూ లేపని నిద్ర.

చిన్నబాస్ గోడ గడియారం కేసి చూస్తున్నాడు. ఇంతకుముందున్న పెద్దబాస్ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చాడు కాబట్టి చిన్నబాస్. ఒకప్పుడు పాతకాపు దగ్గరే పని నేర్చుకున్నాడు.

"కూర్చోండి గురువుగారూ. తొమ్మిదిన్నరయింది. పదకొండింటికి పెద్దాసుపత్రిలో మూడొందల పది వైఫై పెట్టెలు చచ్చిపోబోతున్నాయి."

"పెట్టెలేగా. మనుషులు కాదుగా?"

"గుండె వార్డులో మానిటర్లు వాటి మీదే నడుస్తాయి. మీ అక్కగారిది ఏడో మంచం కదూ?"

పాతకాపు కుర్చీలో ముందుకు జరిగాడు. అమ్మ పోయాక తనను పెంచింది అక్కే. నాలుగు రోజులనుంచీ అక్కడ పడుకుని ఉంది. ఛాతీకి అంటించిన వైర్లు చిన్న పరికరానికి, ఆ పరికరం గాల్లోంచి నర్సుల బల్ల మీది స్క్రీనుకు. ఆ దారి తెగితే, ఆ గుండె తడబడినా ఎవరికీ తెలియదు.

"చెప్పు," అన్నాడు.

చిన్నబాస్ గబగబా చెప్పాడు. సీలింగుకు బిగించిన ఆ తెల్లపెట్టెలే ఆక్సెస్ పాయింట్లు. పన్నెండేళ్ల నాటివి. వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్ పేరు ఫర్మ్‌వేర్. తయారు చేసిన కంపెనీ ఏటేటా దాన్ని లావు చేసుకుంటూ పోయి, పెట్టెల్లో చోటు చాలక అవి రొప్పడం మొదలెట్టగానే, కొత్తవి కొనుక్కోండని చేతులు దులుపుకుంది. ఆసుపత్రి నెట్‌వర్క్ ఇంజనీరు ఒకావిడ ఊరుకోలేదు. పద్దెనిమిది భాషల మెనూలు, రంగుల బొమ్మలు, ఎవరూ తెరవని రిపోర్టులు, అన్నీ కోసి పారేసింది. సిగ్నల్ మోయడం, తాళం గట్టిగా వేయడం, ఈ రెండు పనులే మిగిల్చింది. అప్పటినుంచి ఆవిడ పేరు కత్తెర. పెట్టెలు లేచి కూర్చున్నాయి. ఒకప్పుడు ఆన్ కావడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నవి నలభై సెకన్లలో లేస్తున్నాయి. ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు.

"అది ఎవరికి కంటగింపు?"

"తేనెపట్టుకి." అది ఒక విదేశీ ముఠాకు విభాగం పెట్టిన పేరు. "కొత్త పెట్టెలు అమ్మే ముసుగులో ఉన్నారు. ఆ పెట్టెల్లో ఒక చెవి ఉంటుంది. మంత్రులు, సైన్యాధికారులు వైద్యానికి వచ్చేది అక్కడికే కదా. కత్తెర పాతవాటిని బతికించి వాళ్ల బేరం చెడగొట్టింది. అందుకని ఇవాళ్టి అప్‌డేట్ ఫైలు మార్చేశారు. అది పెట్టెల్ని చంపుతుంది, తన జాడ చెరిపేసుకుంటుంది, తప్పంతా కత్తెర కోతలదేనని దొంగ సాక్ష్యం రాసి పెడుతుంది. రేపటికల్లా అత్యవసరంగా కొత్తవి దిగుతాయి."

"కత్తెరకు ఫోన్ చెయ్."

"ఆడిటని చెప్పి పొద్దున్నే నది అవతలి బ్రాంచికి పంపేశారు. ఫోన్ కలవట్లేదు. సర్వర్ రూమ్ తలుపు పగలగొడితే ఆ ఫైలు అప్పుడే బయల్దేరుతుంది. తాళంచెవి నెమలి దగ్గరుంది. తను రెండేళ్లుగా వాళ్ల మనిషి కూడా."

పాతకాపు కళ్లు మూసుకున్నాడు. నెమలి అతని శిష్యురాలు. అందగత్తె, తెలివైంది. మూడేళ్లుగా విభాగం తరఫున కన్సల్టెంటు వేషంలో ఆ ఆసుపత్రిలో ఉంది. అందులో రెండేళ్లనుంచి తేనెపట్టుకీ పనిచేస్తోందన్నమాట. కోపం రావలసింది. నీరసం వచ్చింది.

"ఒక్కటే దారి," అన్నాడు చిన్నబాస్. "కత్తెరకో అలవాటుంది. ఏ ఫైలైనా ముందు అన్నిటికన్నా పాత పెట్టెకు పెడుతుంది. దాన్ని ముసలమ్మ అంటారు. దాని పొట్ట మిగతావాటిలో సగం. ముసలమ్మకు మొదటి ముద్ద. అది చాలదంటే అందరికీ పంపకం ఆగిపోతుంది. ఈ దొంగ ఫైలు లావుగా ఉంది, ముసలమ్మకు పట్టదు. కానీ ఏడింటినుంచి ముసలమ్మ నెట్‌వర్క్‌లో లేదు. గుండె వార్డు సీలింగు మీదనుంచి ఎవరో పీకేశారు. పదకొండులోపు వెతికి తగిలించండి. పదకొండింటికి ఏవి ప్రాణంతో ఉంటే వాటినే ప్రోగ్రాం లెక్కలోకి తీసుకుంటుంది."

"మిషన్ పేరు?"

"ఆపరేషన్ పథ్యం."

ఈ పేర్లు పెట్టేవాణ్ణి ఒక్కసారి చూడాలని పాతకాపుకు ఎప్పటినుంచో కోరిక.

* * *

నీలం యూనిఫాం, జేబులో అరచేతిలో పట్టే నెట్‌వర్క్ టెస్టర్, ముక్కు కింద జిగురుతో అంటించిన మీసం. ట్రాఫిక్ ఈదుకుంటూ మూడో అంతస్తు చేరేసరికి పదీ ముప్పై అయిదు. మీసం దురద పెడుతోంది. గుండె వార్డు సీలింగు మీద నాలుగు మేకు కన్నాలు, వాటి మధ్య వేలాడుతున్న నీలం కేబుల్ కనిపించాయి. పెట్టె లేదు. మానిటర్లు పక్క పెట్టెల సిగ్నల్‌తో నెట్టుకొస్తున్నాయి.

"ఏరా! ఆ మీసమేంట్రా?"

ఏడో మంచం మీదనుంచి అక్క. ముప్పై ఏళ్లలో ఏ దేశం గూఢచారీ పోల్చుకోలేని మారువేషాన్ని ఆవిడ మూడు క్షణాల్లో పట్టేసింది.

"అక్కా, మెల్లగా. ఉద్యోగం... కొంచెం మారింది."

"మారితే నాకు చెప్పవూ? ఫ్యాన్లు మానేసి ఇప్పుడు డబ్బాలు బాగుచేస్తున్నావా? ముందు మా హాల్లో ఫ్యాన్ సంగతి చూడు. నువ్వు చెయ్యి పెట్టినప్పటినుంచీ కిర్రుకిర్రుమంటోంది."

"చూస్తానక్కా. ఇక్కడ పైన తెల్లపెట్టె ఒకటుండాలి..."

"అదా? పొద్దున్నే ఒకావిడ వచ్చింది. చీరంటే చీరా అది! మనిషిని తీసుకొచ్చి విప్పించింది. పట్టుకెళ్లబోతే హెడ్ నర్సు అడ్డం నిలబడింది. మూడు సంతకాలు లేనిదే వార్డులోంచి దిండు గలీబు కూడా కదలదని. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి అదుగో, ఆ దుప్పట్ల అలమారాలో పెట్టి తాళం వేశారు."

అక్కకు దణ్ణం పెట్టాలనిపించింది. తేనెపట్టు దగ్గర డబ్బుంది, మనుషులున్నారు, లేనిదల్లా ఆ మూడు సంతకాలు.

హెడ్ నర్సు డాక్టర్ల వెంట రౌండ్లలో ఉంది. అలమారా తాళంచెవి ఆవిడ నడుముకే ఉంది. పాతకాపు తాళం విప్పే పిన్ను కోసం జేబులు తడుముకున్నాడు. లేదు. పోయిన వారం మనవరాలి జడకు పెట్టి మర్చిపోయాడు. వార్డులో ఇరవై మంది చూస్తుండగా అలమారా పగలగొడితే సెక్యూరిటీ వాళ్లు ముందు తననే లాక్కుపోతారు. చేసేదేమీ లేక మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పదీ నలభై. పదీ నలభై అయిదు. అక్క ఫ్యాన్ గురించి, అల్లుడి గురించి, ఆసుపత్రి చప్పిడి గంజి గురించి చెబుతూనే ఉంది. అతను ఆవిడ ఛాతీ మీది వైర్లనే చూస్తున్నాడు. భయమేసింది. కణతకు తుపాకీ పెట్టినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

పదీ యాభై ఆరుకు హెడ్ నర్సు వచ్చింది. "తగిలించడానికా? అయితే సంతకం అక్కర్లేదు," అని అలమారా తెరిచి, వార్డు అవతలి కొసకు వెళ్లిపోయింది. దుప్పట్ల మధ్య ముసలమ్మ పసుపుబారిన ఒంటితో పడుకుని ఉంది. మూలనున్న నిచ్చెన లాక్కొచ్చి, పళ్లు బిగించి, ఒక్కో మెట్టే ఎక్కాడు. ఎడమ చేతిలో పెట్టె, కుడి చేతిలో కేబుల్.

ముందు సెంటు వాసన వచ్చింది.

"దిగండి మాస్టారూ."

నెమలి. నెమలికంఠం రంగు పట్టుచీర, పెదవుల మీద చిరునవ్వు. చేతిలో లిప్‌స్టిక్. అందులో విషపు సూది ఉంటుంది. దాన్ని వాడటం నేర్పింది తనే. ఆ సూది మొన ఇప్పుడు అక్క సెలైన్ ట్యూబుకు అంగుళం దూరంలో ఉంది.

పాతకాపు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఆవిడెవరో నీకు తెలుసా?"

"తెలుసు. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు పచ్చళ్లు పంపించారు. అందుకే బతిమాలుతున్నాను. ఇంకో రెండు నిమిషాలు ఊరికే నిలబడండి చాలు."

"ముసలమ్మను తీసేయడం కన్నా ఆ ఫైలునే చిన్నది చేయాల్సింది."

"చెప్పాను మాస్టారూ. నలభై మంది ఇంజనీర్లున్నారు. ఒక్కడికీ తీసేయడం రాదు, చేర్చడమే వచ్చు." ఆమె కళ్ల కింద పౌడరు దాచలేని నలుపు కనిపించింది. "రెండు వైపులా పనిచేసి విసుగొచ్చేసింది. ఇదయ్యాక మానేస్తాను."

"నేనూ అదే అనుకుంటున్నాను. ముప్పై ఏళ్లుగా."

అక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పెట్టెలూ ఫైళ్లూ ఆవిడకు అర్థం కాలేదు. తన తమ్ముడి మొహం అర్థమైంది. చిన్నప్పుడు బళ్లో ఎవరైనా కొట్టినరోజు ఇంటికొచ్చినప్పటి మొహం అది. దుప్పటి కింద చెయ్యి మెల్లగా కదిపి, ఛాతీ మీది వైర్లు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

నర్సుల బల్ల దగ్గర అలారం గోల పెట్టింది. స్క్రీను మీద ఏడో మంచం గీత సాపుగా పడుకుంది. హెడ్ నర్సు, వెనక ఇద్దరు డాక్టర్లు ఉరుకుతూ వచ్చారు. "లేవండి! అడ్డం లేవండి!" హెడ్ నర్సు భుజంతో తోసిన తోపుకు నెమలి రెండడుగులు వెనక్కి వెళ్లింది. లిప్‌స్టిక్ జారి మంచం కిందికి దొర్లిపోయింది.

పాతకాపు కేబుల్ గుచ్చాడు. టక్కుమంది.

పదీ యాభై తొమ్మిది దాటి పదిహేను సెకన్లు.

ఎర్ర లైటు. పెట్టె ఆలోచిస్తోంది. కంపెనీ వాళ్ల లావు ఫర్మ్‌వేరే ఉంటే ఇది లేచేసరికి అంతా అయిపోయి ఉండేది. కింద డాక్టరు అక్క నాడి పట్టుకుని "బాగానే ఉందే!" అంటున్నాడు. తలుపు దగ్గర నెమలి పారిపోకుండా అదే లైటుకేసి చూస్తోంది. ఇరవై సెకన్లు. ముప్పై. పాతకాపు కేబుల్‌ను ఇంకాస్త లోపలికి నొక్కాడు. లే ముసలమ్మా, లే తల్లీ, అనుకున్నాడు. నలభయ్యో సెకనుకు లైటు పచ్చబడింది.

పదకొండయింది.

జేబులో టెస్టర్ కుయ్యిమంది. ఒక్కో అక్షరానికీ చోటు ఖర్చని కత్తెర సందేశాలను కూడా కుదించి రాసింది. చిన్న స్క్రీను మీద రెండే ముక్కలున్నాయి: "చోటు లేదు. ఆగాను."

వార్డులో మానిటర్లన్నీ ఎప్పటిలా పలుకుతూనే ఉన్నాయి. నిచ్చెన దిగడానికి పాతకాపుకు ఎక్కడానికి పట్టినంతకన్నా ఎక్కువసేపు పట్టింది. నెమలి వరండాలో బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటోంది. చిన్నబాస్ మనుషులు వచ్చి పక్కన నిలబడితే, సర్వర్ రూమ్ తాళంచెవి తీసి తనే అందించింది.

మధ్యాహ్నం కత్తెర పరుగున వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. నిచ్చెనెక్కి ముసలమ్మ మీది దుమ్ము కొంగుతో తుడిచి, నాలుగు మేకులూ బిగించాక అప్పుడు ఏడ్చింది.

పాతకాపు ఫోన్ మోగింది.

"గురువుగారూ, శభాష్. మీ రిటైర్మెంట్ ఫైలు వెనక్కి పంపించాను. ఇంకో రెండేళ్లు ఉండండి. మెట్లు, మారువేషాలు, రిపోర్టులు అన్నీ మీ పనిలోంచి కత్తిరించేస్తాం."

"నా నిద్రో?"

లైను తెగిపోయింది. అతను మీసం పీకేసి జేబులో పెట్టుకుని, స్టూలు మీద కూలబడ్డాడు. ఇక అక్క దగ్గర దాచడానికి ఓపిక లేదు. ముప్పై ఏళ్ల సంగతి నాలుగు మాటల్లో చెప్పేశాడు. అక్క కొత్తగా అంటించిన వైర్లు సర్దుకుంటూ అంతా విన్నది. తమ్ముడి తల నిమిరింది.

"అదీ సంగతి," అంది. "మా ఫ్యాన్ ఇన్నేళ్లుగా ఎందుకు బాగుపడలేదో ఇవాళ తెలిసింది."