లోపలి గడియ

జలపాతం దగ్గరి టూరిస్టు కాటేజీలో ఆ సాయంత్రం తల్లీకూతుళ్లిద్దరే మిగిలారు. వాన అందుకోగానే ఫొటోలు దిగేవాళ్లు, మక్క కంకులు కాల్చి అమ్మేవాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. వాగు పొంగి ఆదిలాబాద్ బస్సు రాలేదు. కాటేజీ చూసుకునే భూమన్న రెండు రొట్టెలు, ఒక చార్జింగ్ లైటు తెచ్చిచ్చాడు.

"కరెంటు తెల్లారినంకనే అక్కా. లోపల గడియ పెట్టుకోండ్రి," అని తన గుడిసెకు పోయాడు.

మమతారాణి కరీంనగర్‌లో నర్సు. ఆమె తమ్ముడు సాయిచంద్ నిరుడు వానాకాలం దోస్తులతో ఇక్కడికే వచ్చి, ఫొటో దిగుతూ పాకురు పట్టిన బండ మీద జారి జలపాతం కింది గుండంలో పడిపోయాడు. గజ ఈతగాళ్లు గుండమంతా గాలించినా శవం దొరకలేదు. శవాన్ని చూడనిదే కర్మ చేయనియ్యనంది తల్లి సత్తమ్మ. బెల్లంపల్లిలోని బొగ్గుబావి క్వార్టర్‌లో రోజూ వాడికి పక్క పరుస్తుంది. కంచంలో అన్నం పెట్టి వాడి పేరు పిలుస్తుంది. ఏడాది నిండిన రోజైనా నీళ్లలో పిండం వదిలితే వాడికి దారి దొరుకుతుందని మమత బతిమాలి తీసుకొచ్చింది.

తీరా గుండం ఒడ్డున నిలబడ్డాక సత్తమ్మ ఆ పిండం ముద్దను కొంగున ముడేసుకుంది. నీళ్లవైపు చేయి చాచి, "ఇంటికి పోదాం రా కొడుకా," అంది.

చీకటి పడింది. రేకుల మీద వాన చప్పుడు మెల్లగా సన్నబడి, దూరంగా నీళ్ల హోరు ఒక్కటే మిగిలింది. సత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. లైటు వెలుగు ఎర్రబడి, కాసేపటికి ఆరిపోయింది. గదిలో ఎక్కడినుంచో పాకురు వాసన... నానిపోయిన బట్టల వాసన...

తలుపు చెక్క మీద ఏదో గీకినట్టయింది.

"అవ్వా..."

మమత చీకట్లో తల్లి మంచం దగ్గరికి జరిగింది.

"అవ్వా... తలుపు తియ్యి..."

సత్తమ్మ లేచి కూర్చుంది. "వచ్చిండే," అంది గుసగుసగా.

మమత ఆమెను గట్టిగా పట్టుకుంది. "వద్దవ్వా. వాడు కాదు."

"నా కొడుకు గొంతు నాకు ఎరుకలేదా?"

"అక్కా... జర తియ్యవే. నాతోని అయితలేదు..."

అది తమ్ముడి గొంతే. మమత తల్లి నోరు తన అరచేత్తో మూసింది. తల్లి కన్నీళ్లు వేళ్లమీదుగా కారుతున్నా చేయి తీయలేదు. తలుపు దగ్గర బతిమాలడం ఏడుపైంది. చిన్నప్పుడు దెబ్బలు తిని మూలన నిలబడి ఏడ్చినట్టు, ఎక్కిళ్లు మింగుతూ... చాలాసేపు.

తెల్లవారి భూమన్న చాయ్ తెచ్చి పిలిచాడు. గడియ తీయబోయిన మమత పాదానికి తడి తగిలింది. కిందికి చూసింది. నేలమీద నీళ్లు నిలిచిన రెండు పాదాల గుర్తులు. మడమలు వాళ్ల మంచాలవైపు, వేళ్లు గడపకు ఆని. గడియ మీద తడి వేళ్ల ముద్రలు.

తలుపు తెరిచింది. బయట వసారాలో భూమన్న చెప్పుల మట్టి తప్ప ఇంకో గుర్తు లేదు.

ఆమె గడపలోనే కూలబడింది. "అవ్వా... వాడు లోపలికి రానీకి అడుగలే. పోనీకి అడిగిండు."

సత్తమ్మ ఆ గుర్తులను చాలాసేపు చూసింది. తర్వాత తానే వెళ్లి తలుపు రెండో రెక్క కూడా తెరిచి, పక్కకు జరిగి నిలబడింది.

"పో బిడ్డా. ఇగ పిలువ."

మమత తువ్వాలతో నేల పొడిగా తుడిచింది. ఇద్దరూ గుండం దగ్గరికి నడిచారు. కొంగుముడి విప్పి పిండం నీళ్లలో వదిలి, ఏడాదిలో మొదటిసారి సత్తమ్మ "కొడుకా... కొడుకా..." అని గొంతెత్తి పిలుస్తూ ఏడ్చింది.

సంచి తీసుకుందామని మమత ఒక్కతే కాటేజీకి తిరిగివచ్చింది. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. తుడిచిన నేలమీద మళ్లీ రెండు తడి పాదాలు.

ఈసారి మడమలు గడపకు ఆని ఉన్నాయి. వేళ్లు సత్తమ్మ మంచంవైపు.