రెండో కన్ను

పొద్దున ఆరున్నరకే పెరట్లో రేకుల షెడ్డులోంచి జుయ్యిమని చప్పుడు మొదలైంది. లింగవ్వ చాయ్ గ్లాసులతో వచ్చేసరికి కూతురు సింధుజ కంప్యూటర్ ముందు, భర్త రాజమల్లయ్య గుమ్మం దగ్గర స్టూలు మీద, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

రాజమల్లయ్య సిద్దిపేట చుట్టుపక్కల నలభై ఏళ్లుగా దర్వాజలు చేసిన వడ్రంగి, ఊరివాళ్ల మాటలో వడ్లాయన. నిరుడు పక్షవాతం వచ్చి తగ్గింది గానీ కుడిచేతికి వణుకు మిగిలింది. అప్పుడే కంప్యూటర్‌లో బొమ్మ పెడితే చెక్క మీద చెక్కే బల్లంత మిషన్ తెచ్చి సింధుజ పని అందుకుంది. చింతమడకలో అందరూ పెద్దయ్య అని పిలిచే ఆసామి కొత్త ఇంటికి శుక్రవారం దర్వాజ నిలబెడుతున్నారు. దాని పైన పెట్టే లక్ష్మీదేవి పలక ఆమెకు మొదటి పెద్ద పని. అది చెడితే షెడ్డుకు తాళం వేస్తానని తండ్రి ముందే చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి, అదే ఆమె భయం.

నిన్న మొదటిసారి చెక్కినప్పుడు తొందరలో క్వాలిటీని తక్కువలో పెట్టింది. రెండు గంటల్లో అయిపోయింది గానీ, చెక్కే మొన, అదే బిట్టు, నడిచిన ప్రతి వరుసా చెక్క మీద గీతై మిగిలింది. రాజమల్లయ్య వేలితో రాసి చూసి, "లక్ష్మీదేవా బిడ్డా ఇది, నాగలి సాల్లా?" అన్నాడు.

అందుకే ఇవాళ ఇంకో చెక్క పెట్టి, సన్నటి బిట్టు బిగించి, వరుసల మధ్య ఎడం తగ్గించింది. పలకంతటికీ క్వాలిటీ పెంచితే పదిహేను గంటలు పడుతుందని చూపించింది కంప్యూటర్. ఆలోచించి తామరపూలకు, అంచులకు మామూలుగా ఉంచి, ముఖానికీ చేతులకూ మాత్రం అన్నిటికన్నా ఎక్కువలో పెట్టింది. లెక్క ఆరు గంటలకు దిగింది.

మధ్యాహ్నం మిషన్ ఆగింది. పొట్టు ఊదేస్తే లక్ష్మి నవ్వుతోంది. రాజమల్లయ్య లేచి వచ్చి చెంప మీద వేలు నడిపాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. వేలు ఇంకాస్త పైకి వెళ్లింది. చటుక్కున చెయ్యి తీసేశాడు.

"కండ్లెవలు తెరవమన్నరు?"

"బొమ్మల ఉన్నయి బాపూ. మిషన్ చెక్కింది."

"నలభై ఏండ్లల ఏ అమ్మవారికీ షెడ్డుల కండ్లు తెరవలే నేను. దర్వాజ నిలవడ్డంక, దీపం ముట్టిచ్చినంక, వడ్లాయన ఉలితోని తెరవాలె. గది మనింటి ఆనవాయితీ. తెల్వదా నీకు?"

"తెలుసు. తెరిచెతందుకు నీ చెయ్యి నిలుస్తదా బాపూ?"

నోరు జారింది. రాజమల్లయ్య కండువా భుజాన వేసుకొని బయటికి వెళ్లిపోయాడు.

"ఎంత మాటన్నవే! నువ్వు లేవకముందే లేచి ఏడాది సంది ఉలులు నూరుతుండు మీ బాపు. పని మొత్తం నీకిచ్చిండు. గా రెండు కండ్లన్న తనకుంటయనుకున్నడు. గవి గూడ నీ మిషన్ తినె," అంది లింగవ్వ.

సింధుజ బల్ల మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కొని, కంప్యూటర్‌లో బొమ్మ కళ్లు చెరిపేసి, రెప్పల దగ్గర నున్నటి ఉబ్బు మాత్రం ఉంచింది. మర్నాడు, గురువారం పొద్దున్నే కొత్త టేకు పలక బిగించి, ముందుగా ముక్కచెక్క మీద చెంప, గడ్డం మాత్రం చెక్కి తండ్రి దగ్గరికి తీసుకెళ్లింది.

"తప్పయింది బాపూ. కండ్లు ఉంచిన, నీకే. జర వేలు పెట్టి చెప్పు."

ఆయన ముక్క అందుకొని వేలు నడిపాడు. "గదువకాడ గరుకున్నది. ఎడం ఎంత పెట్టినవ్?"

"వెంట్రుకంత."

"అండ్ల సగం పెట్టు. తొందరేంది?"

ఆ రోజంతా వేలు ఆయనది, నంబరు ఆమెది. సాయంత్రానికి పలక వెన్నముద్దలా దిగింది.

శుక్రవారం చింతమడకలో దర్వాజ నిలబడింది. పసుపు రాశారు, మామిడాకులు కట్టారు, దీపం ముట్టించారు. రాజమల్లయ్య కూతురితో పాటు ఎత్తు బల్ల ఎక్కి ఉలి తీశాడు. చెయ్యి వణుకుతోంది. ఎడమచేత్తో కుడి మణికట్టు అదిమిపట్టి, ఒక్కో రవ్వ తీస్తూ కుడికన్ను తెరిచాడు. నుదుట చెమట కారుతుండగా వెనక్కి తిరిగి, ఉలిని కూతురి చేతిలో పెట్టాడు.

"రెండోది నువ్వు తెరువు."

"నేనా? ఆడపిల్లలు ఎన్నడన్న..."

"గింజంత తీస్తె చాలు. నేనున్న."

ఆమె ఉలి ఆనించి గింజంత రవ్వ తీసింది. లక్ష్మి రెండు కళ్లతో చూసింది. అడుగున నిలబడ్డ ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వాళ్లు కిందికి దిగాక పెద్దయ్య ఆనవాయితీ ప్రకారం వడ్లాయనకు పెట్టే కొత్త శాలువా తెచ్చి రాజమల్లయ్యకు కప్పబోయాడు. ఆయన ఆ శాలువా అందుకొని, మడత విప్పి, కూతురి భుజాల చుట్టూ కప్పాడు.

"గీమెకు పెట్టుండ్రి పెద్దయ్యా. ఈ దర్వాజకు వడ్లామె గీమెనే."