వెలిగిందా?

ఊళ్ళో బళ్ళన్నీ బాగుచేసే మెకానిక్‌కి సొంత చెల్లెలి స్కూటర్ చూడ్డానికి మాత్రం తీరిక దొరకదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటుండగానే ఆ సాయంత్రం అది పూర్తిగా మొండికేసింది. బయట వాన దంచికొడుతోంది. కరెంటు పోయింది. అపార్ట్‌మెంటు కింద సెల్లార్‌లో, చెవికీ భుజానికీ మధ్య టార్చి ఇరికించుకుని బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

చెల్లెలు నర్సు. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే ఆలస్యాలకి పేరు తెచ్చుకుంది. ఇంకోసారి లేటైతే అటునుంచటే ఇంటికెళ్ళిపొమ్మని హెడ్ నర్సు తెగేసి చెప్పింది.

"అన్నయ్యా, అవుతుందా? ఇవాళ నా పని అయిపోయినట్టే!"

"నీ కంగారుకి నా చేతులు ఆడట్లేదే పిచ్చుకా. కాసేపు నోరు మూసుకో."

సెల్ఫ్ నొక్కితే బండి ఉలకదు, పలకదు. హారన్ గట్టిగానే మోగుతోంది కాబట్టి బ్యాటరీ తప్పేం లేదు. ఫ్యూజు బాగానే ఉంది. ఈ బండికి బ్రేకు పట్టుకుంటేనే సెల్ఫ్ పనిచేస్తుంది. బ్రేకు లివర్ కింద ఓ చిన్న స్విచ్ ఉంటుంది, వెనక ఎర్రలైటుని వెలిగించేదీ అదే. ఆ లైనులోనే ఎక్కడో తుప్పు పట్టిందనుకున్నాడు.

ముందు వెనకవైపు చూశాడు. లైటు అద్దం విప్పి, బల్బు తీసి చొక్కా జేబులో వేసుకుని, హోల్డర్ని గీకి శుభ్రం చేశాడు. అప్పుడే ఒక సంగతి కంటబడింది. పాతబండి, రంగంతా వెలిసిపోయింది. కానీ ఎర్ర అద్దం, మడ్‌గార్డు, వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకునే కడ్డీ కొత్తవి. అమ్మినవాడు చెప్పలేదు గానీ, దీన్ని ఎప్పుడో ఎవరో వెనకనుంచి గట్టిగా గుద్దారు. మరి వెనక కూర్చున్న మనిషి...

ఆ ఆలోచన నచ్చక గబగబా అద్దం బిగించేసి ముందుకొచ్చాడు. స్విచ్ విప్పి తుడిచి మళ్ళీ పెట్టాడు.

"వెనక్కెళ్ళి నిలబడు. నేను బ్రేకు పడతాను, లైటు వెలిగిందో లేదో చెప్పు," అన్నాడు తలెత్తకుండానే.

"సరే," అన్న మాట వెనకనుంచి వినబడింది.

బ్రేకు పట్టాడు. "వెలిగిందా?"

పైన ఎక్కడో పైపులోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. తడి సిమెంటు వాసన, పెట్రోలు వాసన, వాటి కింద సన్నగా కాలిన రబ్బరు వాసన.

"వెలిగింది..."

జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది గొంతు. వానలో తడిసి ఉంటుంది, పిచ్చిది. గుండె దగ్గర చొక్కా వెచ్చగా తగిలింది. చెమట అనుకున్నాడు.

"ఇంకోసారి చూడు. ఇప్పుడు?"

"వెలిగింది."

ఈసారి ఆ మాట అతని చెవి పక్కనే వినబడింది.

అప్పుడే మెట్లమీద చెప్పుల చప్పుడు... పైనుంచి కిందికి.

"రెయిన్‌కోటు దొరికి చావలేదు అన్నయ్యా! అయిందా?"

టార్చి వెనక్కి తిప్పాడు. గోడ, దానిమీద అతని నీడ. ఇంకెవరూ లేరు.

"నువ్వు... ఎప్పుడెళ్ళావు పైకి?"

"స్విచ్ విప్పుతున్నప్పుడు. చెప్పే వెళ్ళానుగా!"

వాచ్‌మనే అయ్యుంటాడు. పక్క ఫ్లాటువాళ్ళెవరో ఆటపట్టించి ఉంటారు. తనకు తానే సర్దిచెప్పుకుంటుండగానే చెల్లెలు బండెక్కి బ్రేకు పట్టి సెల్ఫ్ నొక్కింది. ఒక్క నొక్కుకే అందుకుంది.

"మా అన్నయ్య బంగారం!" అంటూ ర్యాంపు ఎక్కేసింది.

గేటు దగ్గర బ్రేకు పట్టింది. బండి వెనకంతా చీకటి.

వెలిగింది అతని చొక్కా జేబు.

బల్బు బయటికి తీశాడు. దానికి తీగ లేదు, బ్యాటరీ లేదు. అరచేతిలో ఆరిపోయింది. ఆమె బ్రేకు పట్టి వీధి మలుపు తిరుగుతుంటే మళ్ళీ వెలిగింది. ఆరింది.

"పిచ్చుకా! ఆగు! లైటు లేదే!"

వానలో గేటుదాకా పరిగెత్తాడు. అప్పటికే ఆమె కనుమరుగైంది. అంత చీకట్లో, అంత వానలో, వెనకొచ్చే బండివాడికి తన చెల్లెలు కనబడదు. ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు.

బల్బు వెలిగింది. ఆరింది. పెద్దరోడ్డు దగ్గరికి చేరి ఉంటుంది.

మళ్ళీ వెలిగింది.

ఆరిపోతుందని చూశాడు... ఆరు తల్లీ, ఆరు... అరచెయ్యి కాలుతున్నా చూస్తూనే ఉన్నాడు. అది ఆరలేదు. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.

వెనక, సెల్లార్ చీకట్లోంచి, కాలిన రబ్బరు వాసన వచ్చింది.

"వెలిగిందా?" అని ఎవరో మెల్లగా అడిగారు.