ల్యాబ్ అమ్మ చూడని స్లైడు

ఉదయం ఏడున్నరకి ఆమె వంటింటి కిటికీ దగ్గర నిలబడి, నీళ్ల గ్లాసుల మీద మొలకెత్తించిన ఉల్లిపాయల వేళ్ల కొసలను బ్లేడుతో కోస్తోంది. ముప్ఫై ఏళ్లుగా కాలేజీ బయాలజీ ల్యాబ్‌లో అటెండరు. పిల్లలందరికీ ల్యాబ్ అమ్మ. నిరుడు అక్కడే లెక్చరరుగా చేరిన కోడలు పక్కన నసుగుతూ నిలబడింది.

"అత్తయ్యా, ఈ రెండు గదులూ ఇరుకవుతున్నాయి. ఆదివారం మేం వేరే ఇంటికి మారుతున్నాం. తాళాలు కూడా తీసుకున్నాం."

"తీసేసుకున్నారా? మరి నాతో చెప్పడం దేనికి? సామాన్లు లారీ ఎక్కించాక కబురు పెడితే సరిపోయేదిగా!"

"ముందే చెబుదామనుకున్నాం. మీ అబ్బాయికి నోరు రాలేదు."

"వాడికి నోరు రాదు, నీకు నోరు ఆగదు. బాగానే కుదిరారు! ఇంటిని రెండు ముక్కలు చేస్తే నాకు మిగిలేది సగమేగా."

బస్సులో ఇద్దరూ చెరో సీటులో కూర్చున్నారు.

ల్యాబ్‌లో ఆమె వేళ్ల కొసలను యాసిడ్‌లో మెత్తబరిచి, ఎర్రరంగు పట్టించి, పైన పలుచటి గాజుబిళ్ల పెట్టి బొటనవేలితో నొక్కింది. కోపానికి వేలు పక్కకి జారి కణాలన్నీ నలిగిపోయాయి. అలా ఆరు స్లైడ్లు పాడయ్యాయి. ఆమె చేతి మీదుగా ఇలా జరగడం ఇదే మొదలు. మిగిలిన ఒక్కదాన్ని కోడలు మైక్రోస్కోపు కింద పెట్టి, "ఒకసారి చూడండి అత్తయ్యా," అంది.

"నేనా? లెన్సు జోలికి వెళ్లొద్దని చేరిన రోజే పెద్దసారు చెప్పారు."

ఆ సారు రిటైరై ఎన్నేళ్లయిందో గుర్తొచ్చి ఆమెకే నవ్వొచ్చింది. అయినా మూతి ముడుచుకునే ఉండి లెన్సుకి కన్ను ఆనించింది.

ఒళ్లు ఝల్లుమంది. వేరు కొసలో ఇంత సంసారమా! గదులు గదులుగా కణాలు. ఒక గదిలో ఎర్రటి పోగులు చిక్కుపడి ఉన్నాయి. ఇంకోదాంట్లో నడిమధ్యన బారులు తీరాయి. మరోదాంట్లో చెరో కొసకీ సాగిపోతున్నాయి. ఆ పక్కన సన్నటి గోడ లేచి ఒక గది రెండయింది.

"అటు సగం, ఇటు సగమా?" అని మెల్లగా అడిగింది.

"కాదత్తయ్యా. విడిపోయే ముందే ప్రతి పోగూ తనలాంటి ఇంకో పోగుని తయారుచేసుకుంటుంది. ఉల్లి కణంలో ఉండేవి పదహారు పోగులు, అంటే క్రోమోజోములు. విడిపోయాక అటూ పదహారే, ఇటూ పదహారే. ఎవరికీ ఏదీ తగ్గదు."

"మరి ఈ నడుమ నిలబడ్డవి దేనికి ఆగాయి?"

"ప్రతి పోగుకీ రెండు వైపుల నుంచీ పట్టు దొరకాలి. ఒక్కదానికి దొరక్కపోయినా కణం మొత్తం ఆగుతుంది." కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. "మేమే ఆగలేదు అత్తయ్యా. మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు."

తన బొటనవేలి కింద ఇంత అద్భుతం ఉందని ముప్ఫై ఏళ్లు తెలియనే లేదని ఆమెకి ఏడుపొచ్చింది.

"వెళ్లొద్దనను. ఈ ఆదివారం మాత్రం వద్దమ్మా. నెల్లాళ్లు ఆగండి. నాకు మనసు కుదుటపడాలి."

"ఆగుతాం," అంటూ కోడలు ఆమె భుజం మీద తల వాల్చింది.

ప్రాక్టికల్‌కి వచ్చిన పిల్లలు గుమ్మంలోనే నిలబడిపోయారు. ల్యాబ్ అమ్మ చెంపలు తుడుచుకుని, మళ్లీ లెన్సు మీదకి వంగింది.

"కాసేపు ఉండండర్రా. నేనింకా చూస్తున్నాను."