ఒక్కడికి పెద్దదైన గొడుగు

గొడుగుల షాపుకి నిలువునా తడిసి వచ్చిన మొదటి మనిషి అతనే.

మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు నుంచి, చొక్కా నుంచి, ఆఖరికి ముక్కు చివర నుంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయి తలెత్తి, అతన్ని కాదు, అతని కాళ్ళ కింద చేరుతున్న మడుగుని చూసింది. పక్కనే గొడుగు గుడ్డల తానులున్నాయి మరి.

"అక్కడే ఆగండి. గొడుగు కావాలా?"

"వద్దండీ. మీ గొడుగు వల్లే ఇలా అయ్యాను. నేను దొంగనని రాసింది మీరేనా?"

ఆమెకి అర్థమైంది. వారం కిందట ఒక ఆకుపచ్చ గొడుగు పంపింది. పాతది, విరిగింది పంపారన్న ఫిర్యాదుతో నిన్న పెట్టె వెనక్కి వచ్చింది. తెరిచి చూస్తే అందులో ఉన్నది ఊచలు విరిగిన ఒక నల్ల గొడుగు. కొన్నాయన కొత్తది ఉంచుకుని పాతది పెట్టి పంపాడని ఆమె జవాబు రాసింది. రెండు వీధుల అవతల పళ్ళ డాక్టరట ఆ కొన్నాయన. ఆ డాక్టరే ఇప్పుడు నీళ్ళోడుతూ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

ఆ మేడమీది గదిలో తాతయ్య ఊచలు బిగిస్తాడు, మనవరాలు గుడ్డ కుట్టి ఆన్‌లైన్లో అమ్ముతుంది. గొడుగులు బాగానే పోతున్నాయి. తిరిగి రావడమే చిక్కు. వాన ఉన్నన్నాళ్ళూ వాడుకుని, కొసకి బురద కూడా తుడవకుండా, రంగు నచ్చలేదని పంపేవాళ్ళున్నారు. రుజువు లేకపోతే అమ్మిపెట్టే ఆన్‌లైన్ కంపెనీ కొన్నవాళ్ళ మాటే నమ్ముతుంది. అలా ఆమె ఇప్పటికే కొన్ని తగాదాలు ఓడిపోయింది. ఇంకొక్కటి ఓడిపోతే ఈ వానాకాలానికి షాపు మూసేస్తామని కంపెనీ రాసింది. గొడుగులవాళ్ళకి వానాకాలంలో తలుపు మూస్తే ఇక ఏడాదంతా ఎండే.

అందుకే ఆమె జాగ్రత్త నేర్చుకుంది. ప్రతి గొడుగూ తెరిచి, తిప్పి, మూసి కెమెరా ముందే పెట్టెలో పెడుతుంది. తిరిగొచ్చిన పెట్టెని కూడా కెమెరా ముందే విప్పుతుంది. గొడుగు మడిచి కట్టే పట్టీ లోపలివైపు నీలం దారంతో చిన్న కుట్టు వేస్తుంది. దాని సంగతి బయటివాళ్ళెవరికీ తెలియదు.

రెండు వీడియోలూ అతనికి చూపించింది. మొదటిదాంట్లో ఆకుపచ్చ గొడుగు నవనవలాడుతోంది. రెండోదాంట్లో అదే పెట్టెలోంచి నల్లగొడుగు బయటికొచ్చింది.

డాక్టరు రెండోది మళ్ళీ ఒకసారి వేసి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపిస్తానండీ. నా నోరు మూయించింది మీరే. కానీ ఒట్టు, నేను పెట్టె తెరిచేసరికి ఉన్నది ఆ నల్లదే."

"అందరూ అదే అంటారు."

"అందరూ అంటారు సరే. అందులో నిజం చెప్పేవాడు ఎలా అనాలి మరి?"

ఇంతవరకు ఊచలు బిగిస్తూ వింటున్న తాతయ్య కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు. "అమ్మడూ, మన గొడుగు ఇక్కణ్ణుంచి బాగా వెళ్ళిందని నీ వీడియో చెబుతోంది. ఈ బాబు దొంగని ఎక్కడ చెబుతోంది?"

రుజువు పంపడానికి మర్నాడు సాయంత్రం దాకా గడువుంది. అప్పటిదాకా ఆగమని, ఇంట్లో వాకబు చేసి వస్తానని అతను బతిమాలాడు. ఆమె సరేనంది, మనసొప్పకుండానే.

వెళ్ళబోతుంటే తాతయ్య ఒక గొడుగు అందించాడు. అన్నిటికన్నా పెద్దది, ఒక కుటుంబం పట్టేంతది. ఆమె దాన్ని తాతయ్య చేతిలోంచి తీసుకుని, పట్టీ బిగించి మరీ ఇచ్చింది.

"ఇది అరువు. వెనక్కి రావాలి."

"రిటర్న్ పాలసీ ఏమిటండీ?"

"కారణం చెప్పాలి."

అతను నవ్వాడు. పళ్ళ డాక్టరు కదా, పలువరస బాగానే ఉంది. ఆ సంగతి గమనించినందుకు ఆమెకి తనమీద తనకే కోపమొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అతని మెసేజ్ వచ్చింది. 'మా అమ్మమ్మని అడిగాను. ఏమీ తెలియదంది. కానీ ఈ రోజు దేవుడితో మామూలు కంటే ఎక్కువసేపు మాట్లాడుతోంది. నాతో అసలు మాట్లాడట్లేదు. అనుమానంగా ఉంది.'

ఆమె నవ్వాపుకుంటూ, 'పెద్దవాళ్ళని అనుమానిస్తారా' అని రాసింది. 'మీరు చిన్నవాళ్ళనే అనుమానిస్తారా' అని వెంటనే జవాబు. తాతయ్య చూస్తుంటే ఫోను బోర్లా పెట్టేసింది.

మధ్యాహ్నం పార్శిలక్క వచ్చింది. ఆ వీధులన్నిటికీ పార్శిళ్ళు తెచ్చేదీ, ఈ షాపు పెట్టెలు తీసుకెళ్ళేదీ ఆవిడే. వచ్చి చేతిలో గొడుగు మడిచి గోడకి ఆనించింది.

ఆకుపచ్చ గొడుగు. వేలాడుతున్న పట్టీ లోపల నీలం కుట్టు.

అమ్మాయి మిషను ఆపేసింది. రోజూ నవ్వుతూ వచ్చే మనిషి. దొంగ దొరికింది అన్న మాట నాలుక చివరికొచ్చింది. పైవాడు అన్నీ చూస్తుంటాడని చిన్నప్పటి నుంచీ వింటాం. చూస్తాడు సరే, చూసిన వెంటనే దొంగ అనేస్తాడా? ఆమెకి ఆ ఆలోచన వచ్చిందో, తాతయ్య మాటే గుర్తొచ్చిందో కానీ, మాట మార్చి అడిగింది.

"గొడుగు బాగుందక్కా. ఎక్కడిది?"

పార్శిలక్క మొహం వెలిగింది. పోయిన వారం కుండపోత వానలో డాక్టరుగారింటికి పెట్టె తీసుకెళ్ళిందట. తన గొడుగు గాలికి విరిగిపోయి ఉంది. ముసలావిడ చూసి, అప్పుడే పెట్టె విప్పి కొత్త గొడుగు చేతిలో పెట్టింది. వద్దంటే వినలేదు. "ఊరికే ఇస్తే తీసుకోవని నాకు తెలుసు, నీ పాతది ఇటియ్యి, మారకం అవుతుంది అంది చెల్లీ. ఎవరికీ చెప్పకు. ఇళ్ళవాళ్ళ దగ్గర ఏం తీసుకున్నా మా వాళ్ళు ఉద్యోగంలోంచి తీసేస్తారు."

అమ్మాయి చెప్పనని మాటిచ్చింది. అక్క పెట్టెలు తీసుకుని వెళ్ళిపోయాక గానీ అది ఎంత బరువైన మాటో తెలిసిరాలేదు. నిజం రాస్తే అక్క ఉద్యోగం పోతుంది. వీడియోలు మాత్రమే పంపితే షాపు నిలుస్తుంది, డాక్టరు పేరు మోసగాళ్ళలో చేరుతుంది. ఏదీ పంపకపోతే షాపు మూతపడుతుంది. అతనే ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి. ఫోను చేసింది. ఎత్తలేదు. ఎవరి నోట్లోనో చేతులుండి ఉంటాయి.

గడువు దగ్గర పడుతోంది. వీడియోలు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కసారి వేలు తాకిస్తే చాలు. ఆమె వేలు ముందుకెళ్ళి, వెనక్కొచ్చింది. నిన్నటిదాకా ముఖమే తెలియని మనిషి కోసం షాపుని పణంగా పెట్టడం ఏమిటని తనని తానే తిట్టుకుంది. అయినా తాకించలేదు.

అంతలో మెట్లమీద అడుగుల చప్పుడు. పెద్ద గొడుగు, దాని కింద డాక్టరు, అతని చెయ్యి పట్టుకుని అమ్మమ్మ.

ఆవిడ ఆయాసం తీరకుండానే మొదలెట్టింది. గొడుగు ఇచ్చేసింది తనేనట. సాయంత్రం చెబుదామని పాతది పెట్టెలో దాచిందట. "ఈలోగా వీడు దాన్ని చూసి, కస్టమర్ హక్కులంటూ ఫిర్యాదు పెట్టి, మీసం మెలేశాడమ్మా. ఇక నాకు నోరు రాలేదు. పుణ్యం నాకు దక్కిందో లేదో, దొంగతనం మాత్రం మావాడికి చుట్టుకుంది."

"నాకు మీసమే లేదు అమ్మమ్మా," అన్నాడతను.

అమ్మాయి ముందే నిలబడి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఫోన్లో 'తగాదా ముగిసింది' అని కనిపించేసరికి ఆమె కళ్ళు చెమర్చాయి. గడువు ముగుస్తున్నా రుజువు ఎందుకు పంపలేదని అతను అడిగాడు. తాతయ్యకి దగ్గొచ్చింది. ఆమె వినిపించనట్టు మాట తప్పించింది.

"అరువు గొడుగు ఇటివ్వండి. రిటర్న్ చూడాలి."

అలవాటు కొద్దీ కెమెరా ఆన్ చేసి, గొడుగు విప్పి, తిప్పి చూసింది. ఊచలు బాగున్నాయి. కొసకి బురద లేదు, తుడిచి తెచ్చాడు.

"కారణం?"

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఒక్కడికి పెద్దదైంది."

ఆమె గొడుగు పట్టీ మెల్లగా చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"వాడిన వస్తువు వెనక్కి తీసుకోం," అంది. అతని మొహం వాడిపోయింది. "ఒక్కడికి పెద్దదైతే, ఇంకొకళ్ళని తోడు తెచ్చుకుని వాడుకోవాలి. నాకు దారాలు కొనే పని ఉంది. వీధి చివరిదాకా వస్తారా?"

ఇద్దరూ మెట్లు దిగారు. కిందికి చేరకముందే ఏదో విషయం మీద వాదించుకోవడం, నవ్వుకోవడం వినిపించింది.

అమ్మమ్మ కుర్చీలో స్థిరపడింది. "మావాడికి మీ అమ్మాయిని అడగాలనే ఉంది. మీరేమంటారు అన్నయ్యగారూ?"

తాతయ్య బల్లవైపు చూశాడు. కెమెరా మీద ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. మనవరాలు ఆపడం మర్చిపోయింది.

"అంతా ఇందులో పడింది చెల్లెమ్మా," అన్నాడాయన. "రేపు వాళ్ళలో ఎవరైనా కాదంటే, ఇద్దరికీ చూపిద్దాం."