మూడు రోజుల లైను

లిఫ్టు తలుపు మీద అంటించిన ఆ కాగితాన్ని ఆమె వారం రోజులుగా చూస్తూనే ఉంది. పెద్ద కంపెనీల కాగితాల్లా రంగులూ బొమ్మలూ ఏమీ లేవు. ఒక పేరు, ఒక ఫోను నంబరు, కింద ఒక్క వాక్యం: "మూడు రోజులు వాడి చూడండి, నచ్చితేనే ఉంచుకోండి." ఆ పేరుతో ఒక ఇంటర్నెట్ కంపెనీ ఉందని ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆమె పని టైపు చేయడం. డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు ఫైళ్ళుగా ఇంటికే వస్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని బల్ల కింద పెడల్ తొక్కితే మాట నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. విన్నది విన్నట్టు కొట్టి పంపేయాలి. పదకొండేళ్ళుగా ఇదే పని. చెవిలో పడింది వేళ్ళలోంచి దిగిపోవాలే తప్ప మధ్యలో బుర్ర అడ్డం రాకూడదని కొత్తగా చేరినవాళ్ళకి ఆమే నేర్పేది. చేతులు జబ్బుల పేర్లు కొడుతుంటే ఆమె మనసు కూతురి స్కూలు బూట్ల దగ్గరో, పొయ్యి మీద కూర దగ్గరో తిరుగుతూ ఉండేది.

ఇంట్లో ఉన్న పెద్ద కంపెనీ లైను చినుకు పడితే చాలు, పడుకునేది. ఫైలు మధ్యలో లైను పోయిందని ఆఫీసు ఇప్పటికే రెండుసార్లు హెచ్చరించింది. మూడోసారి జరిగితే పేరు తీసేస్తారు. మొగుడు ఏనాడో తన దారి తాను చూసుకున్నాడు. ఉన్నది ఆమె, తొమ్మిదేళ్ళ కూతురు చిన్ని. ఈ పని పోతే ఇద్దరికీ నడిరోడ్డే గతి.

ఫోన్లో వెతికింది. ఆ కంపెనీ గురించి మంచి రాసినవాళ్ళు లేరు, చెడు రాసినవాళ్ళూ లేరు. ఒక్కడైనా తిట్టి ఉంటే ఆమెకి కాస్త ధైర్యంగా ఉండేది. చివరికి కింది అంతస్తులో బట్టలు కుట్టే వదినని అడిగింది.

"ఊరూ పేరూ లేనివాళ్ళని ఇంట్లోకి రానివ్వడం ఎందుకమ్మాయ్?" అంది వదిన, పళ్ళ మధ్య దారం తీయకుండానే.

"ఊరూ పేరూ ఉన్నవాళ్ళే కదొదినా నన్నిలా ఏడిపిస్తోంది!"

"అదీ నిజమేలే. మూడు రోజులేగా, చూడు. నచ్చకపోతే పీకిపారెయ్."

ఇంకో రెండు రోజులు వెనకా ముందూ ఆడి, ఆ నంబరుకి ఫోను చేసింది.

వైరు పెట్టడానికి వచ్చినవాడు నడివయసు మనిషి. కిటికీ పక్కన గోడకి కన్నం వేసి, వైరు లాగి, బల్ల మీద పచ్చ దీపం వెలిగే చిన్న పెట్టెకి తగిలించి, రాలిన సున్నమంతా చేత్తో ఎత్తి కాగితంలో పొట్లం కట్టుకున్నాడు. పని చేసి చెత్త ఎత్తిన మనిషిని ఆమె చూడటం జీవితంలో అదే మొదటిసారి.

"కనెక్షన్ ఎవరి పేరు మీద రాయమంటారమ్మా?"

"ఇంకా తీసుకోలేదుగా. ముందు వాడి చూడనివ్వండి."

"అలాగే. మూడో రోజు సాయంత్రం ఆరులోపు చెప్పండి."

"ఈ చుట్టుపక్కల మీ లైను వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒక మాట అడిగి చూద్దామని."

అతను పొట్లం సంచిలో పెట్టుకున్నాడు. "ఉన్నారమ్మా. కానీ వాళ్ళకి మాట్లాడే తీరిక ఉండదు."

మొదటి రోజు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. లైను ఒక్కసారి కూడా పోలేదు. ఎన్నాళ్ళ తర్వాతో ఆమె ఆ పూట పాడుకుంటూ వంట చేసింది.

రెండో రోజు మధ్యాహ్నం, ఒక డాక్టరు గొంతు అడుగున ఏదో వినిపించింది. టకటకమని చిన్న చప్పుడు. టైపు కొడుతున్న చప్పుడే. తనదేనేమో అనుకుని వేళ్ళు పైకెత్తింది. చప్పుడు ఆగింది... కాస్త ఆలస్యంగా. మళ్ళీ కొట్టింది. మళ్ళీ మొదలైంది. ఒకరిది కాదు, చాలామంది కొడుతున్నారు. ఈసారి ఆపితే అందరూ ఆగారు. ఒక్కరు మాత్రం ఆగలేదు.

ఆఫీసుకి రాసింది. మా దగ్గర ఫైలు శుభ్రంగా ఉంది, డాక్టరు గొంతు తప్ప ఇంకేమీ లేదని జవాబొచ్చింది. గదిలో ఒకలాంటి వాసన మొదలైంది, ఏళ్ళ తరబడి మూసిపెట్టిన బీరువా తెరిస్తే వచ్చే వాసన. గోడ కన్నం దగ్గర చెయ్యి పెట్టి చూసింది. వెచ్చటి గాలి తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది.

చెయ్యి వెనక్కి లాక్కుంది.

మూడో రోజు చిన్ని స్కూలు నుంచి రాగానే ఆమె చెప్పేసింది. "ఈ లైను వద్దే. సాయంత్రం తీయించేద్దాం."

చిన్ని దగ్గరికొచ్చి చెవిలో గుసగుసగా అంది. "నాకూ వద్దమ్మా. గోడలోంచి ఎవరో నా పేరు అడుగుతున్నారు."

ఆమె పిల్ల భుజాలు పట్టుకుంది. "చెప్పావా?"

"లేదు."

"మంచి పని చేశావు తల్లీ. చెప్పకు... ఎవరు అడిగినా చెప్పకు."

కంపెనీకి ఫోను చేస్తే, మనిషి ఆరింటికి వస్తాడన్నారు. ఆఫీసుకి ఒక్క ఫైలు మిగిలి ఉంది. అదీ ఆరులోపే పంపాలి. లేకపోతే మూడో హెచ్చరిక. చిన్నిని వెనక మంచం మీద కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెడల్ తొక్కింది.

బయట మబ్బు కమ్మి వాన మొదలైంది, గదిలో చీకటి పడింది. ముసలి డాక్టరు గొంతు, నిదానంగా, స్పష్టంగా ఉంది. ఎవరిదో మోకాలి నొప్పి. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆమె మనసు మాత్రం రేపటి మీద ఉంది. పాత లైను మళ్ళీ పోతే ఎవరి కాళ్ళు పట్టుకోవాలి, ఇంకే ఆఫీసులో పని అడగాలి... మాట ఆగింది. కాలు తీసింది. అలవాటుగా వేలు పంపే మీట మీద పడింది.

ఫైలు వెళ్ళిపోయాక తాను కొట్టిన చివరి వరసలు చూసింది.

"వాపు తగ్గింది. వారం తర్వాత మళ్ళీ చూడాలి. ఈ లైను నేను ఉంచుకుంటున్నాను. నా పేరు మీద వద్దు. మా అమ్మాయి పేరు మీద రాయండి."

దాని కింద చిన్ని అసలు పేరు ఉంది. ఇంటిపేరుతో సహా.

పెట్టెలోంచి వైరు పీకేసింది. పచ్చ దీపం ఆరలేదు. గోడలోంచి ప్లగ్గు లాగేసింది. ఆరలేదు...

"చిన్నీ!"

చిన్ని మంచం మీదే ఉంది. పెదాలు కదులుతున్నాయి. అమ్మా అంటోంది. చప్పుడు లేదు.

"గట్టిగా చెప్పవే... వినపడట్లేదు..."

పిల్ల గొంతు పట్టుకుంది. నోరు బార్లా తెరిచింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లలోంచి సన్నగా వచ్చింది. "అమ్మా..."

వాటిని చెవులకి పెట్టుకుంది. టకటక. టకటక. మధ్యలో తన పిల్ల గొంతు. "అమ్మా, ఇక్కడ చీకటిగా ఉంది. దీపం వెయ్యమ్మా."

ఆరింటికి ఎవరూ రాలేదు. ఆ నంబరు మళ్ళీ మోగలేదు. చిన్ని గొంతులో ఏ లోపమూ లేదని డాక్టరు తేల్చాడు. ఆ రిపోర్టు టైపు చేయడానికి కూడా ఆమె దగ్గరికే వచ్చింది. ఏడుస్తూనే కొట్టి పంపింది.

సంగతి విని వదిన కత్తెర పట్టుకుని పరుగున పైకొచ్చింది. "ఆ వైరు ముక్కలు ముక్కలు చేస్తాను, తప్పుకో!"

ఆమె గోడకి అడ్డం నిలబడింది. "వద్దొదినా. నీ కాళ్ళు మొక్కుతాను."

"మతి గానీ పోయిందా?"

"అది కోసేస్తే... నా పిల్ల మాట ఇంకెక్కడ వినను?"

వదిన కత్తెర దించేసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

లైను ఏ వానకీ పోవడం లేదు. ఆఫీసు ఆమెని మెచ్చుకుంటోంది కూడా. ఫైళ్ళు అయిపోయాక ఆమె హెడ్‌ఫోన్లు తీయదు. అటునుంచి పిల్ల పిలుస్తూనే ఉంటుంది. ఇటునుంచి ఆమె ఎంత అరిచినా అటు వినపడదు. చీకటిగా ఉందంటుంది, ఆకలంటుంది, నువ్వెప్పుడొస్తావంటుంది. వినడం తప్ప ఆ తల్లి చేయగలిగింది ఏమీ లేదు.

నిన్న మధ్యాహ్నం చిన్ని ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. పెదాలు మూసే ఉన్నాయి. ఆమె పిల్ల జుట్టు నిమురుతూ వింటోంది. ఉన్నట్టుండి టకటకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"అమ్మా! వచ్చేశావా!" అంది పిల్ల గొంతు, సంబరంగా.

ఆమె నోరు తెరవలేదు. చెయ్యి జుట్టు మీదే బిగుసుకుపోయింది.

"వచ్చాను తల్లీ." హెడ్‌ఫోన్లలో జవాబిచ్చిన గొంతు ఆమెదే. "మనం వెళ్ళిపోదాం పద. తలుపు వేసి రా."

అటునుంచి తలుపు మూసి గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

ఒళ్ళో పిల్ల నిద్రలోనే నవ్వింది.