గుమ్మం కళ్ళకు ఎర్రగుడ్డ

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. ఈ కథ గొంతు పెంచి చెప్పేది కాదు. ముందుగా కరుణామయి క్వాన్ ఆమ్ తల్లికి ఒక దండం పెట్టుకుంటాను. మీరూ పెట్టుకోండి. పెట్టుకుంటే పోయేదేమీ లేదు, పెట్టుకోక పోగొట్టుకున్నవాళ్ళ సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

మా పాత రేవుపట్నం హోయ్ ఆన్ చూడవచ్చే జనమంతా ఒకే దారిన తిరుగుతారు. పొద్దున దర్జీకొట్లో కొలతలిస్తారు. మధ్యాహ్నం మా లావుపాటి నూడుల్స్ గిన్నె ముందేసుకుని చెమటలు తుడుచుకుంటారు. పైకప్పున్న పాతవంతెన మీద ఫొటోలు దిగుతారు. పొద్దువాలాక పడవెక్కి, కాగితపు దీపం నదిలో వదిలి, ఏదో కోరుకుంటారు. చివరికి ఎవరో ఒకరు తలెత్తి అడుగుతారు: "గుమ్మం పైన ఆ గుండ్రటి చెక్కలేమిటి?"

"ఇంటి కళ్ళు," అంటాం. వాళ్ళు నవ్వుతారు. మేమూ నవ్వుతాం, కానీ ఆ మాట నవ్వులాటకు అన్నది కాదు. పువ్వులా చెక్కిన రెండు కళ్ళు, మధ్యలో కనుపాప. వచ్చేదెవరో అవి చూస్తాయి. రాకూడనిది గడప దాటదు. కొత్త సంవత్సరానికి వాటికి ఎర్రగుడ్డ చుడతాం, కనుపాప మీద మాత్రం దారప్పోగు కూడా పడనివ్వం.

నది పక్క వీధిలో థోవా దర్జీకొట్టు. మొగుడు పోయాక కుట్టుమిషను తొక్కి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఆ కొడుకు ఖోయ్. సాయంత్రాలు పడవ వేసి చూడవచ్చినవాళ్ళను తిప్పేవాడు. కోడలు లూవా గుండీలు కుట్టేది. మనవరాలు బోంగ్‌కు నాలుగేళ్ళు, గుడ్డముక్కల మూటలో పడుకుని పాటలు పాడేది. అంతే ఇల్లు.

కిందటేడు వానాకాలం, పున్నమి సాయంత్రం. నది అప్పటికే ఎర్రగా పొంగుతోంది. దీపం వదలందే పోమని ఇద్దరు విదేశీయులు పట్టుబట్టారు. "ఇప్పుడే తిప్పి తీసుకొస్తానమ్మా, నూడుల్స్ వేడిగా ఉంచు," అని వెళ్ళాడు ఖోయ్. పడవ తిరగబడింది. వాళ్ళిద్దర్నీ గట్టెక్కించాడు. వాడు ఎక్కలేదు.

నీళ్ళు తగ్గాక శవం దిగువన రెల్లులో దొరికింది. మా ఆచారం మీకు చెప్పాలిగా... బయట చచ్చినవాణ్ణి, అందులోనూ నీట మునిగినవాణ్ణి ఇంట్లోకి తేరు. ఏటిగట్టున గుడారం వేసి, అక్కడే పెట్టెలో పెట్టి, అటునుంచి అటే సాగనంపుతారు. థోవా పెద్దల కాళ్ళ మీద పడింది. "ఒక్క పూట. వాడు పుట్టిన నేల మీద ఒక్క పూట పడుకోనివ్వండి."

"ఇంట్లో పసిదుందమ్మా," అన్నారు వాళ్ళు. "నీళ్ళలో పోయినవాడు ఒంటరిగా రాడు."

పాడె ఆ ఇంటి ముందు నుంచే పోయింది. ఆగలేదు. గడపలో నిలబడి కొడుకు పెట్టె పోతుంటే చూసిన తల్లి అది. ఆ కడుపుకోత మీరూ నేనూ చెప్పగలమా?

అప్పటినుంచి మొదలైంది.

సందె వేళ కొట్టు కట్టేసే సమయానికి వాసన. బురద, నానిన కాగితం, అప్పుడే ఆరిన కొవ్వొత్తి. ఆ తర్వాత గుమ్మం బయట రాతిమెట్టు మీద ఒక చప్పుడు. తడిపాదం రాయి మీద ఆనితే వచ్చే చప్పుడు. ఒక్కసారే. మళ్ళీ ఏమీ ఉండదు. తలుపు తీసి చూస్తే మెట్టు మీద రెండు తడి అడుగులు. వేళ్ళు వీధివైపు, మడమలు ఇంటివైపు.

వచ్చిన అడుగులు లేవు. పోతున్న అడుగులే!

థోవా వాటి పక్కన చతికిలబడి, తడి ఆరేదాకా చూసేది. ఎడమకాలి చిటికెనవేలు కాస్త పక్కకు తిరిగి ఉండేది. చిన్నప్పుడు వాడి కాలు పడవ కింద పడి నలిగింది. తల్లికి తెలియదా?

"గడప దాకా వస్తున్నాడే," అంది ఒకరోజు కోడలితో, గుసగుసగా. "ఆ కళ్ళను చూసి వెనక్కి తిరిగిపోతున్నాడు."

లూవా సూది ఆపింది. "అత్తయ్యా, ఆ మాట అనకండి. పిల్ల వింటుంది."

"నీకు మొగుడు కాడూ? నీకు బెంగ లేదూ?"

"బెంగుంది. భయం కూడా ఉంది. రెండూ ఉండకూడదా?"

పక్కింటి మాన్ దీపాలు కట్టి అమ్ముతుంది. నోరు జాస్తి, మనసు వెన్న. అది గోడ మీంచి తొంగిచూసింది. "వదినా, ఏంటా మెట్టు దగ్గర కూలబడ్డావు? తైలం పట్టాలేమో నడుముకి! చూడవచ్చినవాళ్ళు నిన్నూ బొమ్మనుకుని ఫొటో తీసుకుపోతారు."

"తియ్యనీ. నా కొడుకు ఫొటో అయితే పడదుగా," అంది థోవా.

మాన్ నవ్వు ఆగిపోయింది. తడి అడుగుల వంక చూసి, లోపలికెళ్ళి అగరొత్తులు తెచ్చి మెట్టు పక్కన గుచ్చింది. వెళ్తూ వెళ్తూ, "కళ్ళ జోలికి మాత్రం పోకు వదినా," అంది.

ఇంతలో ఖోయ్ సంవత్సరీకం వచ్చింది. వానా వచ్చింది, వరదా వచ్చింది. మాకు వరద కొత్త కాదు. మా పాత ఇళ్ళల్లో మేడ నేలకు ఒక చెక్కతలుపు ఉంటుంది. దాన్ని ఎత్తి, తాడేసి, కింది సామానంతా మేడ మీదికి లాగేస్తాం. ఆ రోజు మధ్యాహ్నానికే లూవా తానులూ మిషన్లూ పైకి చేర్చింది. బోంగ్‌ను పైన కూర్చోబెట్టి, "దిగావో, కాళ్ళు విరగ్గొడతా," అంది. కరెంటు పోయింది. వీధి పసుప్పచ్చటి బురదనీళ్ళ కింద మునుగుతోంది.

థోవా మాత్రం కింద వంటింట్లో ఉంది. కొడుక్కిష్టమైన నూడుల్స్, పంది మాంసం, తోటకూర, పచ్చి ఆకులు. పోయిన పెద్దలకు నైవేద్యం పెట్టే పీట నీళ్ళకందని ఎత్తులో ఉంది. దాని మీద వాడి ఫొటో ముందు గిన్నె పెట్టింది. గిన్నె మీద చాప్‌స్టిక్స్ అడ్డంగా పెట్టింది.

మేడ ఎక్కేముందు గుమ్మం కళ్ళకు అగరొత్తి వెలిగించి దండం పెట్టాలి. అది ఆచారం. థోవా బల్ల వేసుకుని ఎక్కింది. ఆమె చేతిలో అగరొత్తి లేదు. ఎర్రపట్టు ఉంది, వాడి పెళ్ళిబట్టల్లో మిగిలిన ముక్క. ఒక కంటికి చుట్టింది. రెండో కంటికి చుట్టింది. కనుపాపల మీదుగా, గట్టిగా, దర్జీముడి వేసింది.

"క్షమించు తల్లీ," అంది ఆకాశం వైపు చూసి. "ఒక్క పూట భోజనం."

నేనైతే ఏం చేసేవాణ్ణని ఎన్నోసార్లు ఆలోచించాను. మీరూ ఆలోచించుకోండి. పైకి చెప్పనక్కర్లేదు.

తలుపు పలకలు వేయకుండా వదిలేసి నిచ్చెన ఎక్కింది.

పొద్దు గుంకింది. మేడ మీద ఒక్క కొవ్వొత్తి. నేలతలుపు తెరిచే ఉంది, కింద నీళ్ళు గడప దాటి లోపలికొస్తున్న చప్పుడు, ఎవరో పెద్ద గుడ్డను మెల్లగా చింపుతున్నట్టు. లూవా పిల్లను ఒళ్ళో పెట్టుకుంది.

"అత్తయ్యా, తలుపు వేశారా?"

"వేశాను."

"అగరొత్తి?"

థోవా నేలతలుపు అంచుకు జరిగి కిందికి తొంగిచూసింది.

అప్పుడొచ్చింది వాసన. బురద... నానిన కాగితం... ఆరిన కొవ్వొత్తి. ఎప్పుడూ బయటే ఆగే వాసన ఈసారి మెట్లెక్కి వచ్చినట్టు మేడంతా పరుచుకుంది. మెట్టు మీద తడిపాదం చప్పుడు. ఆగుతుందా...

ఆగలేదు.

గడప దాటింది. కింద నీళ్ళల్లో అడుగు పడింది. ఇంకో అడుగు.

"వచ్చాడే!" థోవా కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. "లూవా, నీ మొగుడొచ్చాడే! నాయనా, పీట మీద పెట్టాను, తిను... వేడిగానే ఉంది..."

పీట దగ్గర గిన్నె కదిలింది. చాప్‌స్టిక్స్ ఒకదానికొకటి తగిలాయి.

ఆ వెంటనే, గడప దగ్గర ఇంకో అడుగు.

థోవా నవ్వు మొహం మీదే గడ్డకట్టింది.

ఇంకొకటి. అది ఈడ్చుకుంటూ. ఇంకొకటి, చెప్పులు లేని, చాలా బరువైన అడుగు. ఆ వెనక ఇంకా... ఇంకా... మా నది ఇవాళ్టిది కాదు. ఓడలొచ్చిన కాలం నుంచీ మనుషుల్ని మింగుతూనే ఉంది. ఏ గుమ్మం ముందు ఆగిపోయినవో అవన్నీ, వీధిలో కళ్ళు మూసుకున్న ఒకే ఒక్క ఇంటిని వెతుక్కుంటూ వస్తున్నాయి. కింద నీళ్ళు కుతకుతమన్నాయి. గిన్నె కిందపడి పగిలింది. ఎవరో నాకుతున్న చప్పుడు.

"అమ్మా."

ఆ గొంతు వాడిదే. నిచ్చెన మొదట్లో నుంచి వచ్చింది. నోటినిండా నీళ్ళున్నట్టు.

"అమ్మా... కళ్ళెందుకు మూశావమ్మా..."

"నీ కోసమేరా... నువ్వు లోపలికి రావాలని..."

"నేనెప్పుడు రావాలన్నాను? మెట్టు మీద నిలబడి... వీళ్ళకు అడ్డం తిరిగి నిలబడ్డానమ్మా... ఆ కళ్ళు నా వెనకుండబట్టి ఆపగలిగాను... ఒక్కణ్ణి... ఇప్పుడెంతమందిని ఆపను..."

వేళ్ళు వీధివైపు. మడమలు ఇంటివైపు. పోతున్న అడుగులు కావవి. కాపలా నిలబడ్డ అడుగులు! ఏడాది పొడవునా ఆ తల్లి పక్కనే కూర్చుని చూసింది. అర్థం చేసుకోలేదు.

థోవా కిందికి దిగబోయింది, గుడ్డ విప్పేద్దామని. నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టగానే నీళ్ళు మోకాలికి తగిలాయి. అంత ఎత్తు లేవు నీళ్ళు. చల్లగా... వేళ్ళున్నట్టుగా...

కొవ్వొత్తి ఆరిపోయింది.

"నాన్నా," అంది బోంగ్ చీకట్లో. నిద్రలోంచి లేచిన గొంతు, ముద్దుగా. "నాన్నా, వీళ్ళందరెవరు?"

"పట్టుకో! పిల్లను పట్టుకో!" అని అరిచింది థోవా.

"పట్టుకునే ఉన్నా! అత్తయ్యా, పట్టుకునే ఉన్నా..." లూవా రెండు చేతులా పిల్ల మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి తడిసింది. ఇంకా తడిసింది. చేపపిల్లలా, సబ్బుముక్కలా, ఆమె పిడికిట్లోంచి కొద్దికొద్దిగా... కొద్దికొద్దిగా... జారింది.

నీళ్ళల్లో పడ్డ చప్పుడు కూడా రాలేదు.

థోవా దూకింది. నీళ్ళు నడుము దాకా కూడా లేవు. చేతులతో వెతికింది. పీట కాళ్ళు దొరికాయి, పగిలిన గిన్నె పెంకు దొరికి చెయ్యి కోసుకుంది. గుమ్మం దాకా ఈడ్చుకుంటూ వెళ్ళి బల్ల ఎక్కి ముడి లాగింది. తడిసిన పట్టు ముడి, దర్జీముడి. తన చేత్తో తనే వేసిన ముడి. పళ్ళతో కొరికి విప్పింది. కళ్ళు తెరుచుకున్నాయి.

ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. వాసన లేదు. గొంతు లేదు. వాన, పైన లూవా ఏడుపు, అంతే.

పిల్ల దొరకలేదు. మాన్, దాని మొగుడు, వీధివీధంతా పడవలేసి రెల్లు రెల్లూ వెతికారు. గుళ్ళో భిక్షువులు ఎన్ని రాత్రులు మంత్రం చదివారో! క్వాన్ ఆమ్ తల్లి దయ ఎక్కడ తిరిగిపోయిందో నాకు తెలియదు. దండం పెట్టడం మాత్రం మానలేదు.

వరద తీశాక గోడల మీద బురదగీత మిగిలింది. థోవా కొట్టు తెరిచింది. ఎర్రపట్టును రాయికి కట్టి, పడవలో నది నడిమధ్యకు పోయి తన చేతులతో ముంచేసింది.

చూడవచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చారు. కొలతలిచ్చారు, దీపాలు వదిలారు. ఒకమ్మాయి గుమ్మం కళ్ళ వంక వేలు చూపించి, ఏమిటవి అని అడిగింది. థోవా టేపు మెడలో వేసుకుని కొలతల పుస్తకం తీసింది. "అలంకారం," అంది.

ఆ సందె వేళ వాసన వచ్చింది. మెట్టు మీద చప్పుడు. ఈసారి చిన్నది, చాలా తేలిక. థోవా తలుపు తీసింది. రెండు చిట్టి తడి అడుగులు. వేళ్ళు ఇంటివైపు.

వెనక పెద్ద అడుగులు లేవు. ఎక్కడా లేవు. ఆ రోజు మొదలు మరెప్పుడూ కనిపించలేదు.

అప్పటినుంచి రోజూ అంతే. లూవా అన్నం మానేసింది. తలుపుకు చెవి ఆనించి కూర్చుంటుంది. ఒకనాడు వెనక్కి తిరగకుండానే అడిగింది.

"అత్తయ్యా... ఆ ఎర్రపట్టు ఎక్కడ పెట్టారు?"

"లేదే. నదిలో ముంచేశాను."

"చలేస్తోందంటోంది అత్తయ్యా. లోపలికొస్తానంటోంది."

"అది మన బోంగ్ కాదే," అంది థోవా. ఆ మాట తనే నమ్మలేదు.

మర్నాడు సందె వేళ లూవా తలుపు తీసింది. మెట్టు మీద చిట్టి అడుగులు. వాటి ముందు, గడపకు ఆనించి, ఇస్త్రీ చేసినంత నీటుగా నాలుగు మడతలు పెట్టిన ఎర్రపట్టు. నీళ్ళోడుతోంది.